ఫారం నింపే ముందు బాలానగర్ వెళ్ళి రా, తల్లీ

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం కోరుతున్నాను.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావనీ, డాలస్‌లో ఉన్న నీ స్నేహితురాలితో కలిసి హార్డ్ డిస్కులను చల్లబరిచే పెట్టె ఒకటి తయారుచేశావనీ, దానికి పేటెంటు దరఖాస్తు పెట్టబోతున్నావనీ చెప్పింది. ఆమె గొంతులో ఉన్నది జీతం పోయిందన్న దిగులు. నేను మాత్రం ఫోను పెట్టేసి చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను. పదేళ్ళప్పుడు మా ఇంట్లో మూలన పడేసిన డిస్కు డ్రైవును విప్పి, పళ్ళేన్ని వేలితో తిప్పుతూ, "మామయ్యా, ఇది తిరిగితే గాలి ఎటు పోతుంది?" అని అడిగిన పిల్లవు నువ్వు. ఆ ప్రశ్నకే ఇప్పుడు నువ్వు సమాధానం కడుతున్నావని తెలిసి నా కళ్ళు చెమర్చాయి.

నువ్వు పంపిన వివరణను రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా చదివాను. రెండోసారి ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను. "బాలానగర్‌లో రేకుల పని చేసే మేస్త్రీ గారు డిస్కు పక్కన సందులో దూరి బిగుసుకునే వాలు ముక్క, చీలిక లాంటిది ఒకటి పెట్టి ఇచ్చారు, దానితో మరో ఆరు డిగ్రీలు తగ్గింది" అని ఒక్క వాక్యం రాసి నువ్వు ముందుకు వెళ్ళిపోయావు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ వాక్యమే. దాని సంగతికి వస్తాను గానీ, మిగిలినవి ముందు చెప్పనీ.

నీ ఆలోచన నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒక పెట్టెలో 60 డిస్కులు, ఒక్కొక్కటి ఏడు వాట్ల లెక్కన 420 వాట్ల వేడి. ముందు వరుసకు చల్లని గాలి తగులుతుంది, వెనక వరుసకు ముందున్న డిస్కులు కాచిన గాలి తగులుతుంది. వెనక వరుసను కాపాడడానికి ఫ్యాన్ల వేగం పెంచితే కరెంటు ఖర్చు వేగానికి ఘనంగా పెరుగుతుంది. అదే వేగాన్ని సగానికి తగ్గించగలిగితే ఎనిమిదో వంతు కరెంటు చాలు. అందుకని వరుసల మధ్య బల్లపరుపు హీట్ పైపులు పెట్టి, వేడిని పక్కనున్న ద్రవపు పలకకు, అంటే లోపల ద్రవం పారే పలకకు, చేర్చి, ఫ్యాన్లను నెమ్మదింపజేశావు. మంచి ఆలోచన. అయితే ఇందులో ఏ ముక్క కొత్తది, ఏ ముక్క పాతది అన్నది నీకంటే ముందు పేటెంటు పరీక్షకుడు అడుగుతాడు కాబట్టి, ఆ ప్రశ్న నువ్వే వేసుకుని దరఖాస్తు రాయాలి.

పాత పేటెంట్లు వెతకడం గురించి ఒక మాట. పదాలతో మాత్రమే వెతికితే సగం దొరకవు, వర్గీకరణ సంఖ్యలతో వెతుకు. డిస్కు యంత్రాలను వేడి, తేమ, దుమ్ముల నుంచి కాపాడేవి జి11బి 33/14 కింద ఉంటాయి, ఎలక్ట్రానిక్ పరికరాల పెట్టెలను చల్లబరిచేవి హెచ్05కె 7/20 కింద, కంప్యూటర్లను చల్లబరిచేవి జి06ఎఫ్ 1/20 కింద ఉంటాయి. మన దేశపు ఇన్‌పాస్, యూరప్ వారి ఎస్పాస్‌నెట్ అనే వెతుకులాట సైట్లు రెండూ ఉచితం. కనీసం రెండు వారాలు అందులోనే కూర్చో. మా రోజుల్లో ఈ పనికి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి, కార్యాలయంలో కట్టలు విప్పి చూసేవాళ్ళం. నీకు ఆ శ్రమ లేదు, కాబట్టి వెతకలేదన్న సాకు కూడా లేదు.

పాత పేటెంట్లు చదివేటప్పుడు వాటిని అడ్డంకులుగా చూడకు తల్లీ. నాకు అవి పెద్దల ఉత్తరాల్లా ఉంటాయి. హీట్ పైపునే తీసుకో. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్ అనే ఇంజనీరు 1942లో దరఖాస్తు పెట్టి 1944లో దానికి పేటెంటు పొందాడు. ఫ్రిజ్‌లో వేడిని తరలించడానికి మోటారు, పంపు లేకుండా, ఒత్తిలాంటి పొర గుండా ద్రవం తనంతట తానే వెనక్కి వచ్చే ఏర్పాటు అది. దాన్ని ఎవరూ వాడలేదు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం 17 ఏళ్ళు గడిచి 1961కి ఆ హక్కు ముగిసింది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అదే సూత్రాన్ని స్వతంత్రంగా మళ్ళీ కనుక్కొని, దానికి 'హీట్ పైపు' అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి అది ఉపగ్రహాల దాకా, నీ ల్యాప్‌టాప్ దాకా వచ్చింది. గాగ్లర్ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఆయన తప్పేమీ లేదు, కాలం ఆయన కంటే వెనక నడిచింది.

అలాగే ఐబీఎం వారి 305 రామాక్. 1956లో వచ్చిన ఆ యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు నిలవచేసేవి. చదివే, రాసే హెడ్డు పళ్ళేనికి తగలకుండా కంప్రెసర్ నుంచి గాలి ఊది నిలబెట్టేవారు. ఆ డిస్కు యంత్రానికి గొడార్డ్, లైనాట్ పేర్ల మీద 1954లో దరఖాస్తు పెడితే పేటెంటు చేతికి వచ్చింది 1970లో. ఆ పదహారేళ్ళ సంగతి మీ అమ్మకు చెప్పకు, ఆమె ఇంకా భయపడుతుంది. నీకు మాత్రం ఎందుకు చెబుతున్నానంటే, ఆరు నెలల్లో అయిపోతుందన్న లెక్కతో ఇంటి అద్దెకు డబ్బు దాచుకోవద్దు. కనీసం రెండేళ్ళకు సరిపడా దాచుకో.

నీ పెట్టెకు మరీ దగ్గర బంధువు ఇంకొకటి ఉంది. 1980ల మొదట్లో ఐబీఎం 3081 కంప్యూటరులో రిచర్డ్ చూ, ఆయన సహచరులు తయారుచేసిన ఉష్ణవాహక మాడ్యూల్ వాడారు. ప్రతి చిప్పు మీద స్ప్రింగుతో నొక్కే చిన్న పిస్టను పెట్టి, మధ్యనున్న సందుల్లో హీలియం నింపారు. రెండు లోహాలు కంటికి ఎంత దగ్గరగా ఆనుకున్నట్టు కనిపించినా నిజానికి అక్కడక్కడా మాత్రమే తాకుతాయి, మిగతాది గాలి. గాలి కంటే హీలియం దాదాపు ఆరు రెట్లు బాగా వేడిని మోస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. ఇప్పుడు నీ డిస్కుల లోపలా హీలియమే ఉంది, అయితే వేరే కారణానికి: గాలి సాంద్రతలో ఏడో వంతే కాబట్టి పళ్ళేలు తక్కువ ఒరిపిడితో తిరుగుతాయి. 2013 నుంచి వస్తున్న ఆ డిస్కులను పూర్తిగా మూసి అతుకుతారు. పాత రకం డిస్కులకు గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది, కాబట్టి వాటిని ద్రవంలో ముంచకూడదు. ఈ తేడాను నీ వివరణలో ఎక్కడా రాయలేదు. రాయి.

మరి రెండు దిద్దుబాట్లు. ఒకటి, "వేడి తగ్గితే డిస్కుల ఆయుష్షు పెరుగుతుంది" అన్న వాక్యం మీద నీ దరఖాస్తు అంతా నిలబెట్టావు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రంలో, వేడికీ చెడిపోవడానికీ ఉన్న సంబంధం అందరూ అనుకున్నంత గట్టిది కాదని తేల్చారు. పరీక్షకుడు ఆ పత్రం ముందు పెడితే నీ దగ్గర జవాబు ఉండదు. నువ్వు కొలిచింది ఫ్యాను వేగం, కరెంటు, ప్రకంపన, కాబట్టి వాటి గురించే చెప్పు. రెండు, ఒక ఫ్లోరిన్ ద్రవం పేరును క్లెయిములో, అంటే నీ హక్కు కోరే వాక్యంలో, ఇరికించావు. 1985లో క్రే-2 సూపర్‌ కంప్యూటర్‌ను అలాంటి ద్రవంలోనే ముంచి చల్లబరిచారు, నిజమే. కానీ త్రీఎం సంస్థ 2025 చివరికల్లా పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాల తయారీ నుంచి తప్పుకుంటామని 2022 డిసెంబరులో ప్రకటించింది. ఇరవై ఏళ్ళు నిలవాల్సిన క్లెయిమును దుకాణంలో దొరకకుండా పోయే సరుకుకు కట్టేయకు. ద్రవం చేసే పనిని చెప్పు, పేరును ఉదాహరణగా మాత్రమే ఇవ్వు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే తాత్కాలిక వివరణ పత్రం, పెట్టు, ఆ రోజు నుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ పెట్టకపోతే దరఖాస్తు పోయినట్టే. ఆన్‌లైన్‌లో వ్యక్తిగా పెడితే రుసుము 1,600 రూపాయలు. పరీక్ష కోసం వేరే అభ్యర్థన ఉంటుంది. 2024లో నిబంధనలు మారాక దానికి గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది, పాత పుస్తకాలు చూసి మోసపోకు. పద్దెనిమిది నెలలకు నీ దరఖాస్తు ప్రచురితమవుతుంది. మన రెండు రాష్ట్రాల వాళ్ళకూ చెన్నై గిండీలో ఉన్న కార్యాలయమే.

మీ స్నేహితురాలు డాలస్‌లో ఉంది కాబట్టి ఒక జాగ్రత్త. ఇక్కడ నివసించేవారు ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు గడవకుండా, ముందస్తు అనుమతి లేకుండా, విదేశంలో పెట్టకూడదని మన చట్టంలోని 39వ సెక్షన్ చెబుతుంది. ఆమె అక్కడ కూర్చుని ఆలోచించిన భాగానికి అమెరికా చట్టమూ అలాంటి అనుమతే అడుగుతుంది. తొందరపడి ఆమె ముందుగా అక్కడ పెట్టేస్తే ఇక్కడ నీ చేతులు కట్టుబడతాయి. ఈ ఒక్క విషయానికి పేటెంటు ఏజెంటుకు డబ్బు ఇచ్చి సలహా తీసుకో, నా మాట మీద ఆధారపడకు.

నువ్వు వదిలేసిన ఉద్యోగపు ఒప్పంద పత్రం బయటికి తీసి చదివావా? అక్కడ పనిచేస్తున్న రోజుల్లో కలిగిన ఆలోచనల మీద హక్కు యజమానిదే అన్న షరతు అందులో ఉంటే, ఎప్పుడు ఏది ఆలోచించావో తేదీలతో చూపించగలగాలి. ఇది ఇవాళే చూడు. నా భయం నీకు చాదస్తంగా అనిపించవచ్చు, అయినా చూడు.

వచ్చే నెల ఏదో ప్రదర్శనలో దీన్ని పెట్టి చూపిస్తామని రాశావు. వద్దు. దరఖాస్తు నంబరు చేతికి వచ్చేదాకా నోరు విప్పవద్దు. ఏడాది వరకు పరవాలేదని స్నేహితురాలు చెప్పిందన్నావు. అది ఆమె ఉన్న దేశపు చట్టం. యూరప్‌లో ఒకసారి బయటపెడితే కొత్తదనం పోయినట్టే. మన దేశంలో మినహాయింపు ఉంది గానీ, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకూ, విద్వత్సభల్లో చదివిన పత్రాలకూ మాత్రమే, అదీ 12 నెలల లోపే. హార్డ్ డిస్కుల చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్ బృందం, జర్మనీలోని యూలిష్‌లో పీటర్ గ్రూన్‌బెర్గ్ ఎవరికి వారుగా ఒకే వింతను చూశారు: పలుచని అయస్కాంత పొరల గుండా పోయే కరెంటుకు నిరోధం అయస్కాంత క్షేత్రంలో విపరీతంగా మారిపోతోంది. ఫెర్ట్ పత్రం ముందు వెలువడింది. గ్రూన్‌బెర్గ్ మాత్రం తన పత్రం ప్రచురించక ముందే పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1997లో ఆ సూత్రంతో చదివే హెడ్డు ఉన్న డిస్కులను ఐబీఎం మార్కెట్లోకి తెచ్చింది. 2007లో నోబెల్ బహుమతి ఇద్దరికీ సమానంగా వచ్చింది, లైసెన్సు డబ్బు మాత్రం యూలిష్ వైపే నడిచింది.

ఇక ఆ ఏడో పేజీ.

1988లో నేను పనిచేస్తున్న సంస్థకు గోదావరి లోయ బొగ్గు గనుల వైపు నుంచి ఒక పని వచ్చింది. కాటా దగ్గర లారీల లెక్క రాసే కంప్యూటరులో 20 మెగాబైట్ల వించెస్టర్ రకం హార్డ్ డిస్కు ఉండేది. బొగ్గు దుమ్ముకూ మే నెల ఎండకూ తట్టుకోలేక అది చదవడంలో తప్పులు చేసేది. దుమ్ము లోపలికి పోకుండా పూర్తిగా మూసిన పెట్టె కట్టాం. లోపలి గాలి లోపలే, బయటి గాలి బయటే తిరుగుతూ, మధ్యలో మడతలు పెట్టిన అల్యూమినియం రేకు గుండా వేడి మాత్రం మారేట్టు చేశాం. దుమ్ము ఆగింది. తప్పులు ఆగలేదు. వేడి వల్లే అనుకుని పెద్ద ఫ్యాను పెట్టాను. తప్పులు పెరిగాయి. ఇంకా పెద్దది పెట్టాను. ఇంకా పెరిగాయి. థర్మామీటరు చూస్తే వేడి తగ్గుతోంది, ముద్రించిన తప్పుల జాబితా చూస్తే పొడుగవుతోంది. పద్దెనిమిది రోజులు నేను ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని, రెండోదాన్ని నమ్మకుండా మొదటిదాన్నే నమ్ముతూ కూర్చున్నాను.

మా షెడ్డులో రేకుల పనికి కాంట్రాక్టు మీద వచ్చే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు ఈ ఉత్తరంలో రాయను, ఎదురుగా వచ్చినప్పుడు చెబుతాను. ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తిని వచ్చి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "సార్, ఇది కాలడం లేదు, వణుకుతోంది" అన్నాడు. తరతరాలుగా కమ్మరం చేసిన ఇల్లు వాళ్ళది. ఫ్యానును డిస్కు ఉన్న చట్రం మీద కాక బయటి పెట్టెకు బిగించి, మధ్యలో కొలిమితిత్తిలాగా మడతలున్న కాన్వాసు గొట్టం పెడితే గాలి వెళ్తుంది, వణుకు వెళ్ళదు అన్నాడు. నేను సరేనన్నాను. రెండు రోజుల్లో కుట్టి, బిగించి ఇచ్చాడు. మూడు వారాలు గని దగ్గర నడిపితే ఒక్క తప్పు రాలేదు.

దరఖాస్తు రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఆవిష్కర్తల గడిలో మూడు పేర్లు రాశాను: నాది, నా పై అధికారిది, సంతకం చేసిన మేనేజరుది. మేస్త్రీ పేరు రాయలేదు. ఎవరూ వద్దనలేదు తల్లీ, ఎవరూ నన్ను ఒత్తిడి చేయలేదు. "ఆయన డ్రాయింగు గీయలేదు, చెప్పిన రేకు వంచాడు" అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధమని ఆ రోజే నాకు తెలుసు. స్పెసిఫికేషన్‌లో నలభై పేరాలు ఆ మడతల అల్యూమినియం రేకు గురించి, దాని వైశాల్యం గురించి, ఉష్ణ గణితం గురించి రాశాను, ఎందుకంటే అది నా పని. గొట్టం గురించి ఒక్క పంక్తి: "తగిన మెత్తని గొట్టంతో కలపవచ్చును." రిపబ్లిక్ దినం నాడు మా ముగ్గురికీ శాలువాలు కప్పారు. ఆయన అదే షెడ్డులో, వెనక, తన పనిముట్ల పెట్టె మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ వేసవిలోనే కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయాడు.

1991లో పరీక్షకుడి నివేదిక వచ్చింది. మూసిన పెట్టెలో రెండు గాలుల మధ్య వేడి మార్చే ఏర్పాట్లు విదేశీ పేటెంట్లలో చాలా ఉన్నాయని నాలుగు సంఖ్యలు రాశాడు. నా నలభై పేరాలు నాలుగు సంఖ్యలతో పోయాయి. ఇక మిగిలిన తేడా ఆ గొట్టం ఒక్కటే, అది ఎలా చేయాలో, అలాగే ఎందుకు చేయాలో వివరించమని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గని దగ్గరి గొట్టాన్ని అప్పటికే ఎవరో విప్పి పారేశారు. నేను డ్రాయింగు గీసి, నేరుగా మడతలు పెట్టించి కొత్తది చేయించాను. దాన్ని బిగిస్తే తప్పులు తిరిగి వచ్చాయి. గుడ్డ మార్చాను, మడతల సంఖ్య మార్చాను, ఫ్యాను మార్చాను. పాతది ఎందుకు పనిచేసిందో, కొత్తది ఎందుకు పనిచేయడంలేదో నాకు తెలియదు. తెలిసిన మనిషి ఎక్కడున్నాడో తెలియదు. మద్రాసుకు రాయవలసిన జవాబు నా బల్ల మీదే ఉండగా గడువు దాటిపోయింది, దరఖాస్తు వదిలేసినట్టుగా లెక్కకట్టారు.

1996లో కుషాయిగూడలో ఒక దుకాణం ముందు ఎయిర్ కూలర్లకు రేకులు వంచుతూ ఆయన కనిపించాడు. నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, టీ తెప్పించాడు. నేను గొట్టం సంగతి అడిగాను. ఐదు నిమిషాల్లో చెప్పాడు: మడతలు నేరుగా పెడితే అన్నీ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటాయి, ఫ్యాను వేగానికి డప్పులా మోగుతాయి. అందుకని తాను ఏటవాలుగా, తాడు పేనినట్టు మడతలు పెట్టాడు. ఒక మడత తెరుచుకునేసరికి పక్కది మూసుకుంటుంది. వాళ్ళ తాత తిత్తి కుట్టేటప్పుడు చూసిన విద్య అది. "పేరు సంగతి నేను పట్టించుకోలేదు సార్. మడత వంకరగా ఎందుకు పెట్టావని ఒక్కసారి అడుగుతారేమోనని చూశాను" అన్నాడు. నేను అక్కడే, రోడ్డు మీద, ఆయన చేతులు పట్టుకున్నాను. దాన్ని సరిదిద్దడానికి అప్పటికి ఏ ఫారమూ మిగలలేదు.

ఇప్పుడు నీ చీలిక దగ్గరికి రా. పరీక్షకుడు ఏమంటాడో నేను ఈ రోజే చెప్పగలను: హీట్ పైపు పాతది, ద్రవపు పలక పాతది, డిస్కుల వరుస పాతది, తెలిసిన వస్తువులను పక్కపక్కన పెడితే ఆవిష్కరణ కాదని 3వ సెక్షన్‌లోని (ఎఫ్) క్లాజు చెబుతోంది. మరి నీ జవాబేమిటి? డిస్కును లోపలికి తోసేటప్పుడు చీలిక జరిగి దాన్ని హీట్ పైపుకు గట్టిగా నొక్కుతుంది, బయటికి లాగేటప్పుడు వదిలేస్తుంది, అందువల్ల వేడిని దాటించే జిడ్డు పూయకుండానే, నడుస్తున్న పెట్టెలో డిస్కు మార్చవచ్చు. పాత వస్తువులన్నిటినీ ఒక్క యంత్రంగా కలిపేది ఆ చీలికే. విమానాల్లో సర్క్యూట్ కార్డులను బిగించే చీలికలు ఎప్పటి నుంచో ఉన్నాయి, వాటిని కూడా వెతికి పక్కన పెట్టుకో. నీ చీలిక వాటికంటే ఎక్కడ వేరో చెప్పగలిగితేనే నీ పేటెంటు నిలుస్తుంది. అంటే నీ దరఖాస్తుకు ప్రాణం ఆ ఏడో పేజీలో ఒక్క వాక్యం. ఆ ప్రాణం ఎవరి చేతిలోంచి వచ్చిందో నువ్వు రాయలేదు.

నేను నిన్ను నిందించడం లేదు. నువ్వు "మేస్త్రీ గారు" అని రాశావు, నేను ఆనాడు అది కూడా రాయలేదు. కానీ ఒకసారి ఆలోచించు. చీలిక పెట్టాలని నువ్వు చెప్పి, కొలతలు ఇచ్చి, ఆయన చేత వంచించి ఉంటే ఆయన ఆవిష్కర్త కాడు. మంచి కూలి ఇచ్చి, నమస్కారం పెట్టి రావచ్చు. నువ్వు వేడి తగ్గడం లేదని చెబితే ఆయనే ఆలోచించి చీలిక పెట్టి ఉంటే, ఆయన చదువు ఎంతైనా, ఆయనకు ఇంగ్లీషు రాకపోయినా, ఆయన ఆవిష్కర్త. ఫారం 1లో నీ పేరు పక్కన ఆయన పేరు ఉండాలి. అది దయ కాదు, చట్టం. తప్పుడు పేర్లతో పెట్టిన దరఖాస్తును తర్వాత ఎవరైనా సవాలు చేయవచ్చు. ఇందులో ఏది జరిగిందో మీ ఇద్దరికే తెలుసు, బహుశా ఆయనకు ఇంకా బాగా తెలుసు.

అందుకని ఏజెంటు దగ్గరికి వెళ్ళే ముందు బాలానగర్ వెళ్ళు. కంప్యూటరు తీసుకుపోవద్దు, గళ్ళ నోటు పుస్తకం ఒకటి తీసుకుపో. చీలిక వాలు అంతే ఎందుకు పెట్టావని అడుగు. అంతకంటే ఎక్కువ పెడితే ఏమయ్యేదో, ఆ రేకే ఎందుకు ఎంచుకున్నాడో, ముందు ఎన్ని పాడుచేశాడో అడుగు. మధ్యలో మాట అందించకు. ఆయన చేతనే బొమ్మ గీయించు, కింద తేదీ వేయించి ఇద్దరూ సంతకాలు చేయండి. పాడైపోయిన చీలికలు ఉంటే అడిగి తెచ్చుకో, పూర్తి స్పెసిఫికేషన్ రాసేటప్పుడు ఏది పనిచేయదో చెప్పడానికి అవే పనికొస్తాయి.

హక్కుల సంగతి కూడా దాచకుండా మాట్లాడు. ముగ్గురూ దరఖాస్తుదారులైతే, వేరే ఒప్పందం లేకపోతే ముగ్గురివీ సమాన వాటాలు, ఒకరి అనుమతి లేకుండా ఇంకొకరు లైసెన్సు ఇవ్వలేరు. అలా వద్దనుకుంటే ఆయన తన హక్కును తగిన ప్రతిఫలానికి మీకు రాసి ఇవ్వవచ్చు, అది కాగితం మీదే జరగాలి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటే, ఆయన ఏ భాషలో హాయిగా మాట్లాడతాడో ఆ భాషలో ప్రతి వాక్యం చదివి వినిపించు. ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకు చూపించుకోమను. అదే రోజు సంతకం అడగకు. ప్రతిఫలం ఎంత అన్నది నువ్వు నిర్ణయించకు, ముందు ఆయన్ను చెప్పనీ. హక్కు రాసి ఇచ్చినా ఆవిష్కర్తగా ఆయన పేరు ఉండి తీరాలి, ఆ రెండూ వేర్వేరు.

మీ స్నేహితురాలితో ఈ సంగతి ఈ వారమే మాట్లాడు. ఆమెకు మేస్త్రీ ఎవరో తెలియదు కాబట్టి కష్టంగా అనిపించవచ్చు. చీలిక లేకుండా ఒకసారి, చీలికతో ఒకసారి నడిపి, రెండు లెక్కలూ పంపించు. ఆరు డిగ్రీల తేడా ఆమెకు అర్థమవుతుంది.

నీ దగ్గర డబ్బు తక్కువగా ఉందని మీ అమ్మ చెప్పలేదు, నేనే ఊహించాను. ఏజెంటు ఫీజుకు నా దగ్గర కొంత ఉంది, అప్పుగా కాదు. అత్తయ్యకు చెప్పాను, సంతోషించింది. భోజనం వేళకు తినడం లేదని తెలిసింది. వెల్డింగు దగ్గర కళ్ళద్దాలు లేకుండా నిలబడిన ఫోటో చూశాను, ఇంకోసారి అలా కనిపిస్తే ఊరుకోను.

వచ్చే శనివారం ఉదయం బస్సుకు నేను వస్తున్నాను. జూబ్లీ బస్టాండుకు రానక్కరలేదు, బాలానగర్ నాకు తెలుసు. నీ పెట్టెను తెరిచి ఉంచమను, నడుస్తుండగా దాని మీద చెయ్యి ఆనించి చూస్తాను. నేను వస్తున్నానని మేస్త్రీ గారికి ఒక మాట చెప్పు. ఆయనకు అభ్యంతరం లేకపోతే, మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను, మాట్లాడను.

ఆశీస్సులతో,
మీ మామయ్య